మూత తీస్తేనే మోగింది

దేవకుమారిని ఆఫీసువాళ్లు పట్టుకుని గెంటేశారన్న మాట చెంగలరావుపేటలో మొదట వరహాలమ్మ ఇడ్లీ బండి దగ్గర వినబడింది.

"కంపూటర్లో ఏదో తప్పు మీట నొక్కీసినాదట. నలభై తెప్పలు మునిగిపోయీవట. ఎవలో కనిపెట్టి పట్టుకుంటే కాళ్లమీద పడి ఏడిసిందట," అంది వరహాలమ్మ, చట్నీ గరిటె గిన్నెలోనే ఉంచి.

"మరిప్పుడేటి సేత్తందట?" అని అడిగిందొకావిడ.

"ఏటి సేత్తాది? సేపలమ్ముతంది. నా కళ్లతో నాను సూసినాను. తెల్లారగట్ట గంపట్టుకుని హార్బరుకెల్తంది. మజ్జానం ఇంటికొచ్చీసరికి సీరంతా నీసు కంపు."

గంప మాట నిజమే. నీసు కంపు మాటా నిజమే. ఆ రెండూ నిజం కాబట్టి మిగతాదంతా నిజమేనని వీధి నమ్మేసింది. దేవకుమారి చెవిన కూడా పడింది ఆ మాట. ఆమె ఎవరితోనూ గట్టిగా మాట్లాడే మనిషి కాదు. ఎదురైనవాళ్లు ఆగి చూస్తుంటే, గంపను ఒక చంక నుంచి ఇంకో చంకకి మార్చుకుని, గోడవారగా నడిచి వెళ్లిపోయేది.

ఆమెకి ముప్పై తొమ్మిదేళ్లు. తండ్రి పోర్టు గోదాముల్లో కలాసీ. ఆమె ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉండగా బస్తాల వరస జారి ఆయన కాలు మీద పడింది. ఆయన మంచాన పడ్డాడు, ఈమె చదువు అక్కడితో ఆగింది. టైపు నేర్చుకుని, ఓడల సరుకు కాగితాలు కంప్యూటర్లోకి ఎక్కించే ఒక ఆఫీసులో చేరింది. అక్కడి ప్రోగ్రాము తరచూ మొరాయించేది. దాన్ని బాగుచేయడానికి నెలకోసారి ఒకాయన వచ్చేవాడు. దేవకుమారి ఆయన వెనక నిలబడి చూసేది. ఏమీ అడిగేది కాదు. ఆయన మెట్లు దిగాక, ఆయన నొక్కిన మీటలన్నీ వరసగా నోటుబుక్కులో రాసుకునేది. రెండేళ్లకి ఆయన్ని పిలవాల్సిన అవసరం తగ్గింది. ఆరేళ్లకి ఆమె సొంతంగా ప్రోగ్రాములు రాయసాగింది. ఇంజనీరింగు చదవలేదన్న బెరుకు మాత్రం పోలేదు. ఎవరైనా ఇంగ్లీషులో గబగబా మాట్లాడితే ఇప్పటికీ ఆమె చూపు నేల మీదికి దిగిపోతుంది.

ఇప్పుడు పనిచేసే ఆఫీసు పూర్ణా మార్కెట్ వెనక సందులో, ఎండుమిరపకాయల కొట్టు పైన రెండు గదులు. గాలి తిరిగిందంటే అందరూ తుమ్ముతూ పనిచేయాల్సిందే. యజమాని శివరామకృష్ణ. వాళ్ల నాన్న స్టీల్‌ప్లాంటు కట్టే రోజుల్లో తణుకు దగ్గర్నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఆఫీసులో మొత్తం అయిదుగురు. వాళ్లకి అన్నం పెట్టేది ముఖ్యంగా ఒకటే యాప్. దాని పేరు 'పిలుపు'.

ఫిషింగ్ హార్బర్ పక్క జెట్టీ నుంచి వేటకెళ్లే చిన్న ఫైబర్ తెప్పల కోసం చేసినది అది. పెద్ద బోట్లకి వైర్‌లెస్ ఉంటుంది. ఈ తెప్పలకి ఉండదు, ఉన్నదల్లా జేబులో ఫోనే. ఒడ్డుకి మరీ దూరం పోవు కనుక సిగ్నల్ అందుతుంది. గాలివాన హెచ్చరిక రాగానే మత్స్యకారుల సంఘం ఆఫీసులో గుమాస్తా త్రినాథరావు ఒక మీట నొక్కుతాడు. తెప్పల మీదున్న ఫోన్లన్నీ, నోరు మూయించి పెట్టినవైనా సరే, సైరన్‌లా అరుస్తాయి. అరిచిన ప్రతి ఫోనూ 'విన్నాను' అని తనంతట తనే జవాబు పంపుతుంది. త్రినాథరావు తెర మీద అంకె ఒక్కొక్కటే పెరుగుతుంది.

నాలుగేళ్ల క్రితం మొదటిసారి పెట్టినప్పుడు అది మామూలు ఫోనులాగే మోగేది, 'విన్నాను' అని మనిషే నొక్కాలి, ఆ అంకె పెరగలేదు. ఎందుకో ఆఫీసులో ఎవరికీ అంతుపట్టలేదు. దేవకుమారి జెట్టీకి వెళ్లి మూడు రోజులు ఊరికే కూర్చుని చూసింది. వాళ్ల అలవాటు అప్పుడు తెలిసింది. వల దిగుతుండగా ఫోను మాట్లాడకూడదని వాళ్లలో ఒక పట్టింపు. తెప్ప కదలగానే ఫోన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి, వలదారంతో ముడేసి, మూతున్న నీలం డ్రమ్ములో బోర్లా పెడతారు. దాని మీద పొడి లుంగీ మడత, ఆ పైన మూత. మళ్లీ వల లాగేదాకా ఆ మూత ఎవరూ ముట్టుకోరు. మామూలు ఫోను మోగినా తీయరు. సైరన్ అయితేనే తీస్తారని తేల్చుకుని, యాప్‌ని ఆమె అలా మార్చింది.

ఆమె అలా కూర్చుని చూడటం గమనించినది పోతమ్మ. భర్త నూకాలుకి తెప్ప ఉంది, జెట్టీ మీద అందరూ 'అప్ప', అంటే అక్క, అని పిలిచే ఆవిడ మాటంటే ఆడవాళ్లందరికీ మాటే. "రోజూ వచ్చి సూత్తన్నావు, ఏటి కావాలమ్మా నీకు?" అని అడిగి, సంగతి విని, ఒక పాత డ్రమ్ము తెచ్చి చేతిలో పెట్టింది. "ఇది పట్టుకెల్లి మీ ఆపీసులో ఎట్టుకో. దీన్లో మోగితే సముద్రం మీద మోగినట్టే."

అప్పట్నుంచి ఆ డ్రమ్ము దేవకుమారి బల్ల కిందే ఉండేది. యాప్‌లో ఏ చిన్న మార్పు చేసినా, పొద్దున రాగానే ఫోన్లని చుట్టి, ముడేసి, డ్రమ్ములో బోర్లా పెట్టి, పైన లుంగీ కప్పి మూత బిగించేది. సాయంత్రం ఇంటికెళ్లే ముందు సైరన్ నొక్కేది. డ్రమ్ము అరిస్తేనే కొత్త యాప్‌కి ఆమె సరే అనేది. ఆమె సరే అంటేనే శివరామకృష్ణ దాన్ని బయటికి వదిలేవాడు.

ఈ ఏడాది కొత్త టూల్‌కిట్ వచ్చింది.

ప్రోగ్రాములు రాసేవాళ్లకి టూల్‌కిట్ అంటే వడ్రంగికి పనిముట్ల సంచి లాంటిది. వడ్రంగి ఉలి మాత్రం రాత్రికి రాత్రి ఆకారం మార్చుకోదు. ఇది ఏడాదికోసారి మారుతుంది. కొత్త సదుపాయాలు వస్తాయి, అలవాటైన పాత పనిముట్లు కొన్ని మాయమవుతాయి. ఫలానా తేదీలోగా కొత్తదానికి మారకపోతే యాప్‌లో ఇక ఏ మార్పూ చేయనివ్వరు. ఆ తేదీ శుక్రవారం.

కుర్ర ప్రోగ్రామర్ సాయిశంకర్‌కి ఆ వారమంతా పండగే. పాత రాతని కొత్త పద్ధతిలోకి టూల్‌కిట్టే మార్చేస్తుంది. పరీక్షలు అదే రాసుకుంటుంది. అన్నిటికన్నా అతనికి నచ్చినది, కంప్యూటర్ తెర మీద ఒకేసారి పన్నెండు బొమ్మ ఫోన్లు చూపించడం. చిన్నవీ పెద్దవీ, పాతవీ కొత్తవీ, పన్నెండింటిలోనూ యాప్ ఒకేసారి నడుస్తుంది. తప్పుంటే ఎర్రగా, లేకపోతే పచ్చగా వెలుగుతాయి.

"అక్కా, ఇటు చూడండి. పన్నెండూ ఒకేసారి మోగుతున్నాయి. ఇంకా మీరు ఆ డ్రమ్ములో ఫోన్లు ఊరబెట్టడం దేనికి? ఆవకాయా అది?"

అందరూ నవ్వారు. దేవకుమారి కూడా నవ్వింది. నవ్వినందుకు తర్వాత చాలాసార్లు తనని తాను తిట్టుకుంది.

అంతకు ముందురోజే ఎవరో కొత్తవాళ్లు ఆఫీసు చూడటానికి వస్తున్నారని శివరామకృష్ణ మొహమాటపడుతూ అడిగాడు. "ఏమనుకోకండి దేవకుమారిగారూ, ఆ డ్రమ్ము కొంచెం మేడమీద పెట్టిస్తారా? వాసనొస్తోందండి." ఆమే మోసుకెళ్లి మేడమీద నీళ్ల ట్యాంకు పక్కన పెట్టి వచ్చింది.

కొత్త సదుపాయాల వివరాలు ఇంగ్లీషులో ముప్పై నాలుగు పేజీలున్నాయి. మిగతావాళ్లు పైపైన చూసి వదిలేశారు. దేవకుమారికి పైపైన చదవడం రాదు. వేలు పెట్టి, మాట వెంట మాట చదివి, అర్థమైనది తెలుగులో నోటుబుక్కులో రాసుకుంటుంది. ఇరవై ఏడో పేజీలో ఒక వాక్యం దగ్గర వేలు ఆగింది. బ్యాటరీ మిగల్చడానికి కొత్త ఏర్పాటు. చీకట్లో బోర్లా పెట్టి ఉండి, ఆరు గంటలు ఎవరూ ముట్టుకోని ఫోన్లో యాప్‌లని టూల్‌కిట్టే నిద్రపుచ్చుతుంది. వద్దని మనం రాస్తే తప్ప ఇది దానంతటదే అమల్లో ఉంటుంది. ఆమె ఆ వాక్యం తెలుగులో రాసుకుని, పక్కన ప్రశ్న గుర్తు పెట్టింది.

"సాయీ, ఇది మన సైరన్‌ని ఏమీ చేయదు కదా?"

"అది గేములకీ వాటికీ అక్కా. పన్నెండూ పచ్చగా ఉన్నాయి కదా."

పచ్చగానే ఉన్నాయి. మెట్లెక్కి మేడమీదికి వెళ్లి, ఆ కంపు డ్రమ్ముని అందరి ముందూ మళ్లీ కిందికి దింపుకోవాలి. ఆమె కుర్చీలోంచి సగం లేచి, మళ్లీ కూర్చుంది. గురువారం సాయంత్రం శివరామకృష్ణ గుమ్మంలో నిలబడి, "సరేనా అండి?" అన్నాడు.

"సరే సార్," అంది.

శుక్రవారానికల్లా జెట్టీ ఫోన్లన్నిటిలోకీ కొత్త యాప్ దిగిపోయింది.

శుక్రవారమంతా ఆమెకి అన్నం సహించలేదు. ప్రశ్న గుర్తు కళ్లముందు ఆడుతూనే ఉంది. శనివారం ఆఫీసుకి సెలవు. తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి, తన ఫోన్ని పాలకవర్లో చుట్టి, బియ్యం డబ్బాలో బోర్లా పెట్టి, పైన తువ్వాలు మడిచి వేసి, మూత పెట్టింది. సరిగ్గా ఆ వేళకే జెట్టీ నుంచి కదిలిన నలభై ఒక్క తెప్పల మీద అదే పని జరిగి ఉంటుందని ఆమెకి తెలుసు.

ఏడింటికి భర్త ఆరోన్ స్టీల్‌ప్లాంటులో రాత్రి నడిచే సి షిఫ్టు దిగి వచ్చి, టీ తాగి పడుకున్నాడు. ఆమె వంట చేసింది. బట్టలు ఉతికింది. ఆ ఆరు గంటల్లో ఎన్నిసార్లు గడియారం చూసిందో. పదిన్నర అయ్యాక మూడు నిమిషాలు అదనంగా ఆగింది. లాప్‌టాప్ తీసి, పరీక్ష సైరన్ తన ఒక్క ఫోనుకే వెళ్లేలా పెట్టి, మీట నొక్కింది.

బియ్యం డబ్బా ఉలకలేదు పలకలేదు.

మళ్లీ నొక్కింది. వంటింట్లో కుళాయి చుక్క పడటం వినబడుతోంది. డబ్బా దగ్గరకెళ్లి మూత తీసింది. తువ్వాలు పక్కకి లాగి ఫోను వెల్లకిలా తిప్పింది. మొహం మీద వెలుతురు పడగానే ఫోను ఒక్కసారిగా అరిచింది.

"ఏటే అది? ఫైరింజనా?" ఆరోన్ మంచం మీంచి లేచి కూర్చున్నాడు.

ఆమె సైరన్ ఆపింది. ఫోనుకి అంటుకున్న బియ్యపు గింజలు ఒక్కొక్కటే రాలిపడ్డాయి. "మూత తీత్తేనే మోగింది," అంది. "సముద్రం మీద మూత ఎవలు తీత్తారు?"

శివరామకృష్ణకి ఫోను చేసింది. ఆయన మొత్తం విన్నాడు.

"ఇవాళ హెచ్చరికేమైనా ఉందాండి?"

"ఇప్పటికి లేదు సార్."

"మరి కంగారెందుకండి? సాయి చేత ఆ ఒక్క లైనూ రాయించేద్దాం, సోమవారానికల్లా సర్దుకుంటుంది. ఎవరికీ తెలియనక్కర్లేదు. ఇప్పుడు మనమే వెళ్లి మా యాప్ నిద్రపోతోందని చాటింపు వేస్తే రేపట్నుంచి ఎవరు నమ్ముతారండి మనల్ని? అయిదుగురం వీధిన పడతాం." కొంచెం ఆగి, నెమ్మదిగా అన్నాడు. "సరే అన్నది కూడా మీరే కదండి."

ఆయన చెడ్డవాడు కాడు. ఆ గొంతులో ఉన్నదీ భయమే. కానీ ఆఖరి మాట ఆమెకి ముల్లులా గుచ్చుకుని అక్కడే ఉండిపోయింది. ఫోను పెట్టేసి గుమ్మంలో నిలబడింది. ఎండ ఉంది. గాలి మాత్రం పొద్దున వీచిన వైపు నుంచి కాక ఇంకో వైపు నుంచి వీస్తోంది. ఎదురింటి డాబా మీద ఆరేసిన దుప్పటి అటూ ఇటూ కొట్టుకుంటోంది.

ఆరోన్ వెనక నుంచి అడిగాడు. "నువ్వు సెప్పకపోతే ఎవలికి తెలుస్తాదే?"

"ఎవలికీ తెలీదు."

"మరి?"

"నాకు తెలిసిపోనాది కదా."

"ఆగు, బండి తీత్తాను," అని చొక్కా కోసం లోపలికి వెళ్లాడు. అతను బొత్తాలు పెట్టుకునేలోపే ఆమె వీధి మలుపు దాటేసింది.

జెట్టీ మీద పోతమ్మ గోనెసంచి పరుచుకుని వల బాగుచేస్తోంది. పక్కన నలుగురైదుగురు ఆడవాళ్లు మధ్యాహ్నం వచ్చే సరుకు కోసం తట్టలు కడుక్కుంటున్నారు. దేవకుమారి వాళ్ల ముందు ఆగింది. దారంతా అనుకుంటూ వచ్చిన మాటలు ఒక్కటీ నోటికి రాలేదు.

"ఏటమ్మా, ఎండలో పరిగెట్టినావా?"

"అప్పా, నాను తప్పు సేసినాను." అంతే వచ్చింది. మిగతాది ఎలా చెప్పిందో ఆమెకే గుర్తులేదు. కొత్త యాప్ గురించీ, బియ్యం డబ్బా గురించీ చెప్పింది. హెచ్చరిక వస్తే సైరన్ మోగదని చెప్పింది. డ్రమ్ములో పెట్టి చూడకుండానే సరే అన్నానని కూడా చెప్పింది.

వలదారం లాగుతున్న పోతమ్మ చెయ్యి ఆగింది. "అంటే మా ఓళ్ల ఫోన్లు ఇప్పుడు నిద్దరోతన్నాయా?"

"ఇంచుమించు అన్నీ."

"మొగోళ్లు రెండింటికి లెగిసి ఏటకెల్లినారు. ఆళ్లకి లేని నిద్దర మీ యంత్రానికెందుకొచ్చిందే?"

తట్ట కడుగుతున్న ఒకావిడ అందుకుంది. "ఆపీసులో పంకా కింద కూకుంటే నిద్దరేగా వచ్చీది."

దేవకుమారి తల వంచుకుని నిలబడింది. తిట్లు ఇంకా వస్తాయనే అనుకుంది. పోతమ్మ మాత్రం తిట్టడం ఆపి ఆకాశం వైపు చూసింది. నీళ్ల వైపు చూసింది. ముక్కుతో గాలి పీల్చింది.

"పొద్దుట్నుంచీ గాలి తిన్నగా లేదు," అంది. లేచి, చీర కుచ్చెళ్లు దోపుకుని, హార్బరు వైపు కేక పెట్టింది. "గుణశేఖరూ. ఒరే గుణశేఖరూ. ఐసెక్కిందా నీ బోటుకి?"

గుణశేఖర్ పెద్ద బోటు నడిపే సరంగు. ఇంజను పెట్టి బయల్దేరడానికి సిద్ధంగా ఉన్నాడు.

"ఎక్కింది. ఏటప్పా?"

"తెప్పలున్న తావుకెల్లు. ఒక్కొక్కడి దగ్గరికీ పోయి డ్రమ్ము మూత తియ్యమని సెప్పు. ఫోను బయటెట్టుకోమను. నాను సెప్పినానని సెప్పు."

"అదేటి, వల దిగుతుంటే..."

"దిగుతుంటే దిగనీ. ముందు మూత తీమను. నీకు దారి ఖర్సయితే నాతో మాటాడు, ఎల్లు."

గుణశేఖర్ బోటు పదకొండున్నరకి బయల్దేరింది.

పన్నెండు ముప్పావుకి హెచ్చరిక వచ్చింది. గాలివాన, మూడు గంటల్లోపు, చిన్న తెప్పలు వెంటనే ఒడ్డుకి రావాలి. సంఘం ఆఫీసులో త్రినాథరావు మీట నొక్కాడు. దేవకుమారి అతని కుర్చీ వెనక నిలబడి ఉంది. మొదట్లో సరుకు ఆఫీసులో నిలబడినట్టే, ఏమీ అడగకుండా.

తెర మీద అంకె ఏడు దగ్గర ఆగింది.

"నలభై ఒకటికి ఏడేటమ్మా?" అన్నాడు త్రినాథరావు. "ఆ ఏడుగురూ ఎవలు?"

"పాటలు వింటానికి ఫోను బయటెట్టుకున్నోళ్లు అయ్యుంటారు."

అంకె కదలలేదు. అయిదు నిమిషాలు. పది నిమిషాలు. కిటికీ రెక్క గాలికి కొట్టుకుంటే త్రినాథరావు లేచి గడియ పెట్టాడు. ఆమె చూపు ఆ ఏడు మీంచి తీయలేదు. తీస్తే అది ఇంక పెరగదేమోననిపించింది. ప్రార్థన చేద్దామనుకుంటే మాటలు ముందుకి పోలేదు. ఇరవై ఏడో పేజీ, ప్రశ్న గుర్తు, సగం లేచి మళ్లీ కూర్చున్న కుర్చీ, ఇవే తిరిగి తిరిగి వచ్చాయి.

ఎనిమిది అయింది.

తర్వాత తొమ్మిది, పది, ఒకేసారి పదమూడు. "గుణశేఖర్ అక్కడికి చేరినాడు," అన్నాడు త్రినాథరావు. బోటు ఒక్కో తెప్ప పక్కనుంచి పోతుంటే ఒక్కో మూత తెరుచుకుంటోంది. తెరిచిన ప్రతి డ్రమ్ములోనూ సైరన్ లేస్తోంది. ఇరవై. ఇరవై ఆరు. అక్కడ మళ్లీ ఆగిపోయింది. మిగిలిన పదిహేను తెప్పలూ బోటు అందుకోలేనంత పక్కకి చెదిరి ఉన్నాయి.

గుణశేఖర్ వైర్‌లెస్‌లో హెచ్చరిక విని, బోటు కొయ్యకి ఎర్రగుడ్డ కట్టాడని తర్వాత తెలిసింది. అది ఫోన్లు లేనప్పటి ఆనవాలు. ఎర్రగుడ్డ చూసిన తెప్ప తనూ ఒక గుడ్డ ఎత్తి, పక్క తెప్పకి చూపించి వెనక్కి తిరగాలి.

రెండు దాటాక తెప్పలు రావడం మొదలుపెట్టాయి. ఆడవాళ్లందరూ జెట్టీ అంచున నిలబడి లెక్కపెడుతున్నారు. గుడ్డ చూసి తిన్నగా వచ్చేసినవాళ్లు ఒడ్డున దిగి, అప్పుడు డ్రమ్ము మూత తీసి ఫోను చేతిలోకి తీసుకుంటే, గంటన్నర ఆలస్యంగా సైరన్ అరుస్తోంది. ఒకటి ఆపేలోపు ఇంకో డ్రమ్ములో ఇంకోటి. జనం నవ్వాలో తిట్టాలో తెలియక చూస్తున్నారు. ప్రతి అరుపుకీ దేవకుమారి భుజాలు దగ్గరికి ముడుచుకున్నాయి.

మూడింటికి వాన అందుకుంది. అప్పటికి నలభై తెప్పలు వచ్చాయి. రానిది నూకాలు తెప్ప.

పోతమ్మ జెట్టీ అంచు వదల్లేదు. దేవకుమారి పక్కకెళ్లి నిలబడితే వద్దనలేదు, రమ్మనలేదు. వాన తెరలో రేవు ముఖం కనబడటం లేదు. ఒకసారి మాత్రం పోతమ్మ, తల తిప్పకుండానే, "ఆడిది కొత్త డ్రమ్ము. మూత బిగువు. నానే కొన్నాను," అంది.



మూడూ నలభైకి గుణశేఖర్ బోటు కనబడింది. దాని వెనక తాడుకి ఒక తెప్ప వేలాడుతూ వస్తోంది. నూకాలు దాని మీద కూర్చుని, రెండు చేతులతో డ్రమ్ముని ఒళ్లో పట్టుకుని ఉన్నాడు. ఇంజనులోకి నీళ్లు పోయాయట. ఒడ్డుకి రాగానే పోతమ్మ తిన్నగా డ్రమ్ము దగ్గరకెళ్లి మూత లాగి ఫోను పైకి తీసింది. అది అరిచింది. "ఇప్పుడు లెగిసింది మారాణి," అని, అప్పుడు కూలబడి ఏడ్చింది.

సాయంత్రం శివరామకృష్ణ గొడుగేసుకుని వచ్చాడు. ఆడవాళ్లు ఆయన్ని చుట్టుముట్టారు. పోతమ్మ ఒక్కటే మాట అంది. "బాబూ, ఈ అమ్మ వచ్చి సెప్పింది కాబట్టి ఊరుకుంటన్నాం. మళ్లీ మీ కొత్త సరుకు మా ఫోన్లలోకి రావాలంటే మీ ఆపీసులో సూసింది సాలదు. మా తెప్పల మీద, మా డ్రమ్ముల్లో సూడండి."

వెళ్లేటప్పుడు ఆయన దేవకుమారి వైపు తిన్నగా చూడలేదు. "కొన్నాళ్లు ఆఫీసుకి రాకండి. పొద్దున్నే ఇక్కడికే రండి. వీళ్లు సరే అన్నాక మాట్లాడుకుందాం," అన్నాడు. అది పనో శిక్షో ఆమెకి ఆ రాత్రంతా తేలలేదు. ఆ మాట తేలకుండానే సోమవారం వచ్చింది.

యాప్‌లో మార్చినది ఒక్క లైనే. సైరన్‌ని నిద్రపుచ్చవద్దని. దాన్ని సాయిశంకర్ పది నిమిషాల్లో రాశాడు. దాన్ని నమ్మడానికి తొమ్మిది రోజులు పట్టింది, అన్నాళ్లూ తెప్పలవాళ్లు సొంత ఫోన్లు డ్రమ్ము బయటే పెట్టుకున్నారు. ఆఫీసులో ఉన్న పాత ఫోన్లన్నిటిలో కొత్త యాప్ ఎక్కించి, ఒక్కోదాన్నీ కవర్లో చుట్టి, వలదారంతో ముడేసి, తడవకుండా గంపలో సర్దుకుని, దేవకుమారి తెల్లవారకముందే జెట్టీకి వెళ్లేది. తెప్పకొకటి చొప్పున ఉన్నన్ని ఇచ్చేది. వాళ్లు డ్రమ్ములో బోర్లా పెట్టేదాకా నిలబడి చూసేది. పదకొండింటికి సైరన్ నొక్కి, అంకె వైపు చూస్తూ కూర్చునేది. మొదటి రోజు అన్నీ మోగాయి. ఆమె నమ్మలేదు. రెండో రోజూ మోగాయి, అయినా నమ్మలేదు. మూడో రోజు ఒకటి మోగలేదు. చూస్తే బ్యాటరీ అయిపోయింది. ఆ రోజు ఇంటికి వచ్చేసరికి ఆమె మొహం చూసి ఆరోన్ అన్నం తనే వడ్డించాడు.

నాలుగో రోజు సాయిశంకర్ బండి మీద వచ్చాడు. వెనక తాడుతో కట్టి ఉన్నది మేడమీది నీలం డ్రమ్ము. దింపి, దాని మూత తుడిచాడు.

"దీన్ని మళ్లీ మీ బల్ల కిందే పెడతాను అక్కా."

"వాసనొత్తాదేమో."

"రానీండి."

తొమ్మిదో రోజు నూకాలే వచ్చి చెప్పాడు. "మోగిందమ్మా. వల సగం దిగినాది, గుండాగిపోనాది నాకు. ఇంక ఆపీ నీ పరీచ్చ." పోతమ్మ సరే అంది. దేవకుమారి నోటుబుక్కు తీసి, ఇరవై ఏడో పేజీ మాటల పక్కనున్న ప్రశ్న గుర్తుని కొట్టేయలేదు. దాని పక్కన తేదీ వేసింది.

మర్నాడు ఆఫీసుకి బయల్దేరుతూ ఇడ్లీ బండి దగ్గర ఆగింది.

"ఏటమ్మా, ఇయాల గంప లేదేటి? సేపలు పడలేదా?" అంది వరహాలమ్మ. బెంచీ మీదున్న ఇద్దరు ఆడవాళ్లు చెవులు రిక్కించారు.

"నాలుగిడ్లీ పొట్లం కట్టు వదినా. మీ తమ్ముడికి షిఫ్టుంది," అంది దేవకుమారి. పొట్లం ఇంట్లో ఇచ్చి వచ్చి పూర్ణా మార్కెట్ వైపు నడిచింది. ఆఫీసులో తన కుర్చీ తనకే ఉందో లేదో ఆమెకి ఇంకా తెలియదు.

వీధి ఆ కథని ఇప్పటికీ అలాగే చెప్పుకుంటోంది. ఆ గంపలో చేపలు ఒక్కరోజు కూడా లేవు. పదకొండు పాత ఫోన్లుండేవి. ఇక పట్టుకోవడం మాటంటారా, ఆమెను ఎవరూ పట్టుకోలేదు. ఆ శనివారం పదకొండింటికి ముందు ఆ తప్పు సంగతి తెలిసినవాళ్లు ముగ్గురే. వాళ్లలో జెట్టీకి నడిచి వెళ్లి చెప్పినది దేవకుమారి.